గరిట చాటు ముఖం

టైలరమ్మకు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఎవరో ఒకరు తనను నలుగురిలో నిలబెట్టి "నువ్వూ ఒక తల్లివేనా?" అని అడుగుతారని, అప్పుడు తన నోట జవాబు రాదని. బల్లిని చూసి బెదిరేవాళ్ళు, ఉరిమితే చెవులు మూసుకునేవాళ్ళు ఉంటారు కదా, ఆమెకు ఆ ఒక్క ప్రశ్న అంటే అలాంటి హడలు. చిట్టి పుట్టిన నాటి నుంచి అది ఏ మూల నుంచి వచ్చి మీద పడుతుందో అని చూస్తూనే ఉంది. అత్తగారి నోటి నుంచి వస్తుందనుకుంది. ఆస్పత్రి నర్సు దగ్గర్నుంచి వస్తుందనుకుంది. చివరికి అది మెట్ల మీద బిగించిన కెమెరాలోంచి ఊడిపడింది.

కిందటి వారం మనం విడిచిపెట్టినప్పుడు ఆమె చంకలో పిల్లతో సెక్రటరీ గారి గది ముందు నిలబడి, తలుపు తట్టనా వద్దా అని పెదవి కొరుక్కుంటోంది. ఆమెను ఇంకాసేపు అక్కడే ఉండనిచ్చి, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

ఆ భవనంలో మొదటి అంతస్తులో రెండు గదుల ఇల్లు ఆమెది. ఒక గదిలో కుట్టు మిషను, ఇంకో గదిలో సంసారం. భర్త లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో లారీకే తెలియాలి. ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు, ఏడాది నిండని చిట్టి. రెండో అంతస్తు పళ్ళ డాక్టరమ్మకు కవలలు. పగటిపూట వాళ్ళను టైలరమ్మ దగ్గర ఉంచుతానంది. అది విని మరో ఇద్దరు తల్లులు కూడా తల ఊపారు. మిషనును గోడ వారకు జరిపి ఆ గదిని పిల్లల గది చేద్దామని టైలరమ్మ బుల్లి బుల్లి పరుపులు కుట్టి పెట్టుకుంది. ఒక్కో పరుపు అంచుకు ఒక్కో రంగు, ఎవరి పరుపు మీద వాళ్ళే పడుకోవాలని. పిల్లలు రంగును బట్టి పడుకుంటారా అని అత్తగారు నవ్వింది కూడా.

అంతలో ఆ వీడియో వచ్చింది. భవనం వాళ్ళందరూ ఉండే ఫోన్ గ్రూపులో, ఒక సాయంత్రం. పట్టుమని ఇరవై సెకన్లు ఉండదు. టైలరమ్మ పాప బండిని మెట్ల దగ్గర ఆపుతుంది, వెనక్కి తిరుగుతుంది, వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతుంది. తలుపు పడుతుంది. బండిలో పిల్ల ఒక్కతే. అంతే. పంపింది సెక్రటరీ గారు. కింద ఒక్క ముక్క రాయలేదు. రాయడానికి మిగతావాళ్ళున్నారు కదా. "పసిగుడ్డును వదిలేసి ఎక్కడికమ్మా ప్రయాణం" అని ఒకరు, "ఈకాలం తల్లులు" అని ఒకరు, రాయడం చేతకానివాళ్ళు ఏడుపు బొమ్మలు పెట్టారు. కవలల తల్లి ఏమీ రాయలేదు. కాకపోతే పరుపుల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అసలు జరిగింది ఏమిటంటే, చిట్టి కాలి జోడు ఒకటి బయట మెట్టు మీద పడింది. అది తీసుకుందామని ఒక్క అడుగు బయటికి వేసేసరికి వెనక తలుపు టక్కున పడి తాళం వేసుకుంది. ఆ రోజు పొద్దున్నే బిగించిన కొత్త తాళం అది, దానంతట అదే పడుతుంది. తాళం చెవులు, ఫోను పాప బండికి తగిలించిన సంచిలో. తలుపు నిండు చెక్క, లోపల ఏమీ కనపడదు. బెల్లులన్నీ నొక్కింది, ఒక్కటీ పలకలేదు. అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది, మిగతావాళ్ళు పనుల్లో ఉన్నారు. లోపల చిట్టి గుక్కపట్టి ఏడవడం వినపడింది. తర్వాత ఆ ఏడుపు ఆగిపోయింది. ఏడుస్తున్నంతసేపూ భరించిన టైలరమ్మ, ఆగిపోయేసరికి మెట్టు మీద చతికిలబడింది. ఆపైన లోపలి నుంచి నవ్వు. ఆపైన తాళం దానంతట అదే విచ్చుకుంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే పిల్ల ఒక్కతే బండిలో కాళ్ళు ఆడిస్తూ కిలకిలమంటోంది. చుట్టుపక్కల నరపురుగు లేదు. అడుగుల చప్పుడు కూడా లేదు.

ఇదంతా చెబితే సెక్రటరీ గారు, "అది మీరు చెప్పే మాట" అన్నారు. సరే, ఆ రికార్డింగు మొత్తం చూపించమంది. "అందులో మీతో పాటు ఇంకో మనిషి ఉన్నారు. వాళ్ళ అనుమతి లేనిదే చూపకూడదు. ప్రైవసీ," అన్నారు. ఎవరండీ అంటే, "చెప్పడం కూడా ప్రైవసీ కిందికే వస్తుంది," అన్నారు.

ఎవరో తెలియని మనిషి అనుమతి ఎలా తేవాలో మీకు తెలుసేమో, టైలరమ్మకు తెలియలేదు. అందుకని ప్రతి గడపా ఎక్కింది. "ఆ కెమెరాలో ఉన్నది ఒకవేళ మీరే అయితే, నేను చూడటం మీకు సమ్మతమేనా?" అని అడిగింది. అందరూ ముందు కంగారుపడ్డారు, తర్వాత సరే అన్నారు. ఒకాయన మాత్రం గొంతు తగ్గించి, కెమెరా అద్దంలో చూసి మీసం దువ్వుకోవడం తనకు అలవాటని, ఆ భాగం వస్తే కళ్ళు మూసుకోమని బతిమాలాడు. పై అంతస్తు తలుపు ఒక్కటే తెరుచుకోలేదు. అది నిశ్శబ్దం గారి ఇల్లు. తెరుచుకోనందుకు టైలరమ్మ లోలోపల సంతోషపడి, రెండు దెబ్బలతో సరిపెట్టి దిగివచ్చేసింది.

నిశ్శబ్దం గారి అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. ముప్పై ఏళ్ళు అచ్చు యంత్రాల హోరులో పనిచేసి, ఇక మిగిలిన బతుకు చప్పుడు లేకుండా బతకాలని ఒట్టు పెట్టుకున్న మనిషి. మెట్ల గోడ పొడవునా "నిశ్శబ్దం" అని రాసిన కాగితాలు అంటిస్తుంటారు. చిట్టి రాత్రి ఏడిస్తే పొద్దున తలుపు సందులో చీటీ ఉంటుంది, "మీ పాప పళ్ళు మాకు కూడా వస్తున్నట్టున్నాయి" అని. టైలరమ్మ ఆయన కంట పడకుండా మెట్లు దిగడం నేర్చుకుంది.

ఇదీ సంగతి. ఇక గది ముందుకు వద్దాం.

తట్టాలా వద్దా అన్న తగువు చిట్టి తేల్చేసింది. చేతిలో ఉన్న గిలక్కాయ తీసి తలుపుకేసి కొట్టింది.

"రండి రండి, మీరు వస్తున్నారని ముందే చూశాను," అన్నాయి లోపలి నుంచి మాటలు. "మూడుసార్లు జుట్టు సర్దుకున్నారు కూడా."

టైలరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మళ్ళీ జుట్టు మీదికి పోయింది. సగంలో దాన్ని కిందికి దించుకుంది.

అది మెట్ల కింద కరెంటు మీటర్ల గది. ఎండిపోయిన రంగు డబ్బాలు, తుడుపు కర్ర, బకెట్టు, గోడకు ఒక పాత టీవీ. టీవీలో నాలుగు గళ్ళు. ఒక గడిలో వీధి తలుపు, ఒక గడిలో మెట్లు, ఒకదాంట్లో సైకిళ్ళు, ఇంకోదాంట్లో మేడ మీద ఆరేసిన దుప్పట్లు. ముందర స్టూలు మీద సెక్రటరీ గారు. రైల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి, ఎవరు ఎదురైనా ఇప్పటికీ కుడి చెయ్యి ముందుకు చాచబోయి ఆపుకుంటారు. ఒళ్ళో అన్నం డబ్బా. డబ్బాకు ఆనించి ఫోను. ఫోనులో కూడా అవే నాలుగు గళ్ళు.

"భోంచేస్తూ కూడా చూస్తారాండీ?" అంది టైలరమ్మ.

"బాధ్యత," అన్నారాయన, ముద్ద మింగి.

వెనక నుంచి దభదభమని అడుగులు. అత్తగారు వచ్చేసింది, చేతిలో గరిటతో సహా. ఆవిడ వెనకే పళ్ళ డాక్టరమ్మ, క్లినిక్ తెల్లకోటు ఇంకా విప్పలేదు.

టైలరమ్మ చిట్టిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. వీడియో వచ్చిన రోజు నుంచి అత్తగారు ఆ ఊసే ఎత్తలేదు. అనేదేదో అనేస్తే పోయేది, ఆ ఊరుకోవడమే టైలరమ్మను రోజూ కొంచెం కొంచెం తినేస్తోంది. ఇప్పుడు ఈవిడ, కవలల తల్లి, ఇద్దరూ ఒకేసారి. తను ఎదురుచూసిన ఆ నలుగురూ ఈ మీటర్ల గదిలోనే సమకూడేట్టున్నారు.

"నేనే రమ్మన్నాను డాక్టరమ్మను," అంది అత్తగారు. "చూసేదేదో ఆవిడ కూడా చూస్తే ఒక పని అయిపోతుంది. పొయ్యి మీద కూర ఉంది, తొందరగా తేల్చండి సెక్రటరీ గారూ."

సెక్రటరీ గారు డబ్బా మూత పెట్టారు. "చూడండమ్మా, నాకు మీ ఇంటి మీద కోపమా తాపమా? రూలు రూలే. అందులో ఉన్న ఆ రెండో మనిషిని నేనే అడుగుదామని చూశాను. ఒప్పుకోలేదు."

"వద్దన్నారా?" అంది టైలరమ్మ.

"వద్దని అనలేదు. ఫోనెత్తలేదు. రోజూ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదంటే వద్దనే కదా."

"ఎత్తలేదంటే ఎత్తలేదనే," అంది అత్తగారు. "మా అబ్బాయీ ఎత్తడు. అంతమాత్రాన నన్ను వద్దన్నాడనుకోనా?"

పళ్ళ డాక్టరమ్మ గోడకు ఆనుకుంది. "మా క్లినిక్కులో కూడా కెమెరా ఉందండీ, రోగులు కూర్చునే గదిలో. ఒకావిడ అక్కడ జారిపడి, నేను పడ్డది నాకు కావాలి, ఇవ్వండి అంది. నేనూ మీలాగే ఇవ్వకూడదేమో అనుకుని లాయరును అడిగాను. ఆవిడ బొమ్మ ఆవిడ అడిగితే చూపించాల్సిందే, పక్కవాళ్ళ ముఖాలు కనపడకుండా కప్పి చూపించండి అన్నాడు. అలాగే చేశాం."

"అది క్లినిక్కు," అన్నారు సెక్రటరీ గారు. "ఇది భవనం. ఇక్కడ ఒకరి ప్రైవసీ ఇంకొకరికి..."

"ఆగండి," అంది అత్తగారు. గరిట ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఆగింది. "నాకు చదువు తక్కువ. మెల్లగా చెప్పండి. మా కోడలి బొమ్మ మా కోడలు అడిగితే ఇవ్వకూడదు. అదే బొమ్మ ఎవరూ అడక్కుండానే భవనమంతా పంచిపెట్టవచ్చు. మీ రూలు ఇదేనా?"

సెక్రటరీ గారు డబ్బా మూత మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు.

టైలరమ్మ అత్తగారి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఊరుకున్న మనిషి నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది.

"అలా చూడకు," అంది అత్తగారు, గొంతు తగ్గించకుండానే. "నేను ఆ ఊసెత్తితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే పిల్ల ఏడుస్తుంది. పిల్ల ఏడిస్తే పైనుంచి చీటీ వస్తుంది. అందుకని నోరు కుట్టుకున్నాను. ఈ వారం చీటీలు కూడా లేక హాయిగా ఉంది కదా అని."

టైలరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి, చిట్టిని ఇంకో చంకకు మార్చుకుని, ఒక అడుగు ముందుకు వేసింది. తను అడగాలనుకున్నది రాత్రి పడుకుని ఎన్నోసార్లు అనుకుంది కానీ ఇప్పుడు నోటికి వచ్చింది అది కాదు.

"సెక్రటరీ గారూ, మీరు ఇరవై సెకన్లే ఎందుకు కత్తిరించారు?"

"అంటే?"

"అక్కడే ఎందుకు ఆపేశారు? ఇంకొంచెం ఉంచితే తెలిసేది కదండీ నేను ఎక్కడికీ పోలేదని. నేను పిల్లను వదిలేసి పోయానని అందరూ అనుకోవాలనే కదా అక్కడికి ఆపింది?"

సెక్రటరీ గారు టీవీ వైపు చూశారు, బకెట్టు వైపు చూశారు. టిక్కెట్టు లేకుండా దొరికిపోయిన మనిషి ఎలా చూస్తాడో ఆయనకు బాగా తెలుసు, ఇప్పుడు అచ్చం అలాగే చూశారు.

"మీ గురించి కాదమ్మా," అన్నారు చివరికి. "తలుపు గురించి."

"తలుపేమిటి?" అంది డాక్టరమ్మ.

"కొత్త తాళం. దానంతట అదే పడే తాళం వేయిద్దామని రెండేళ్ళుగా పోరుతున్నాను. అక్కర్లేదన్నారు అందరూ. ఆ రోజు బిగించారు. ఎలా పడుతుందో చూపిద్దామని వెతికితే ఈ ముక్క దొరికింది. ఎంత శుభ్రంగా పడిందో చూడండి, చివర్లో ఎలా బిగిసిందో. అది చూసి నలుగురూ బాగుంది అంటారనుకున్నాను. మీరు పాప బండితో ఉన్నారని, వదిలి వెళ్ళారని, అసలు నేను చూడనే లేదు. నేను తలుపునే చూశాను."

ముందు డాక్టరమ్మ నవ్వింది, చేత్తో నోరు మూసుకుని. నవ్వు ఆపుకోవడం ఆవిడ వృత్తిలో లేదు కాబోలు, వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది.

"మరి అందరూ అన్నేసి మాటలు రాస్తుంటే, ఇది తలుపు కోసం అని ఒక్క ముక్క రాయవచ్చు కదండీ," అంది టైలరమ్మ. కోపం తెచ్చుకుందామని చూసింది, సగమే వచ్చింది.

"రాద్దామని మిగతాది చూశాను. చూస్తే..." ఆయన ఫోను బోర్లా పెట్టారు. "మీరు బయట ఇరుక్కుపోయారు. బెల్లు మోగలేదు. తాళం బిగించినవాడు బెల్లు తీగ కోసేశాడట. లోపల తలుపు తెరిచే మీట ఉందని ఎవరికీ చెప్పనూ లేదు, దాని మీద పేరూ రాయలేదు. అది చూపిస్తే నా తాళం పరువు ఏం కాను?"

"తాళం పరువు," అంది అత్తగారు. గరిట మెల్లగా కిందికి దిగింది. కొట్టడానికి కూడా చెయ్యి రానంత జాలిగా ఆయన వంక చూసింది.

"సరే, పెట్టండి," అంది డాక్టరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రెండో మనిషి ముఖం కప్పేసి పెట్టండి."

"ముఖం కప్పడం నాకు రాదు. ఈ మిషనులో ఆ సదుపాయం ఎక్కడుందో తెలియదు."

"అయితే అందరం కళ్ళు మూసుకుని చూద్దామా?" అంది అత్తగారు.

అప్పుడు అన్నది టైలరమ్మే. "ఆ మనిషి ఎవరో నాకు తెలియనక్కర్లేదండీ. నన్ను అడక్కుండా నన్ను చూశారని కదా నా ఏడుపు. ఇంకొకరిని అడక్కుండా నేను చూడను. మీరు ఎలాగూ చూసేశారు కాబట్టి మీరే టీవీ పక్కన నిలబడండి. ఆ మనిషి వచ్చినప్పుడు ముఖానికి ఏదైనా అడ్డం పెట్టండి."

ఏదైనా అంటే ఏం పెట్టాలి? చెయ్యి పెడితే తెరంతా మూసుకుపోతోంది. బకెట్టు మరీ పెద్దది. అందరి చూపులూ ఒక్కసారే ఒకే చోటికి వెళ్ళాయి.

"కడిగి ఇవ్వాలి," అంది అత్తగారు, గరిట అందిస్తూ.

ఆ విధంగా సెక్రటరీ గారు గరిట పట్టుకుని టీవీ పక్కన నిలబడ్డారు. డాక్టరమ్మ మీట నొక్కింది. తెర మొత్తం వీధి తలుపు గడి ఒక్కటే అయింది.

టైలరమ్మ తెర మీద తనను తాను చూసుకుంది. ఎవరో తెలియని ఆడమనిషిలా ఉంది. బండి ఆపింది, వెనక్కి తిరిగింది, బయటికి వెళ్ళింది. తలుపు పడింది. అందరూ చూసింది ఇంతవరకే.

చిట్టి తలుపు వైపు చూసింది. కింది పెదవి బయటికి వచ్చింది. చప్పుడు లేని ఆ బొమ్మలో నోరంతా తెరిచి ఏడుపు అందుకుంది. చంకలో ఉన్న చిట్టి తనను తానే చూసి, ఇదెవరు ఇలా ఏడుస్తోంది అన్నట్టు వేలు చూపించింది.

"ఆ పిడి చూడండి," అంది డాక్టరమ్మ.

తలుపు పిడి. కిందికి, పైకి. కిందికి, పైకి. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కిందికి, పైకి. ఆ ఇత్తడి పిడి పిచ్చెత్తినట్టు ఊగుతూనే ఉంది. తలుపుకు అవతల ఎవరున్నారో కనపడదు. కానీ ఆ గదిలో నిలబడ్డవాళ్ళందరికీ కనపడింది.

టైలరమ్మ ఆ పిడినే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు తన చెయ్యి అంతసేపు అంత పని చేసిందని ఆమెకే తెలియదు. ఎవరో నలుగురిలో నిలబెట్టి ఆ ప్రశ్న అడుగుతారని, తన దగ్గర జవాబు లేదని ఇన్నాళ్ళూ భయపడింది. జవాబు అక్కడ ఊగుతూ ఉంది.

అత్తగారి అరచెయ్యి వచ్చి ఆమె వీపు మీద పడింది. కాస్త గట్టిగానే పడింది. అలాగే ఉండిపోయింది.

"వస్తున్నారు," అన్నారు సెక్రటరీ గారు, గరిట ఎత్తి.

మెట్ల మీంచి ఒక మనిషి దిగింది. ముఖం ఉండాల్సిన చోట గరిట. ముందు తలుపు దగ్గరికి వెళ్ళి, ఎలా తెరవాలో తెలియక గోడంతా తడిమింది. చిట్టి ఏడుపు పెంచింది. గరిట ముఖం మనిషి రెండు చేతులూ చెవులకు పెట్టుకుని, ఒక్క క్షణం అలా నిలబడి, ఆపైన చేతులు మెల్లగా చెవుల మీంచి తీసి ఏనుగు చెవుల్లా ఆడించడం మొదలుపెట్టింది.

చిట్టి ఏడుపు ఆపి చూసింది.

ఆ మనిషి బాతులా నడిచింది. బండి చుట్టూ ఒక చుట్టు. ముఖం కదిలినప్పుడల్లా గరిట కదలాలి కదా, టీవీ పక్కన సెక్రటరీ గారూ అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. తెరలో మనిషి ఎగిరితే ఈయనా ఎగిరారు. తెరలో మనిషి కూర్చుని లేస్తే ఈయనా మోకాళ్ళు పట్టుకుని కూర్చుని లేచారు. ఒక చేత్తో గరిట, ఇంకో చెయ్యి గాలిలో. గదిలో ఇద్దరు బాతులయ్యారు.

"నడుం జాగ్రత్తండీ," అంది డాక్టరమ్మ. ఆపైన రంగు డబ్బా మీద కూలబడి పొట్ట పట్టుకుంది. చిట్టి మాత్రం తెరలోనూ నవ్వుతోంది, చంకలోనూ నవ్వుతోంది.

తెరలోని మనిషి కాసేపు ఆడటం, కాసేపు గోడ తడమడం. చివరికి మీటర్ల గది గుమ్మం పక్కన మీట దొరికింది. నొక్కింది. తలుపు కదలగానే, దొంగతనం చేసినవాడిలా మెట్లెక్కి మాయమైంది.

ఆ ఎక్కేటప్పుడు కాళ్ళు కనపడ్డాయి. కాళ్ళకు గరిట లేదు.

గుడ్డ అడుగుల జోళ్ళు. ముదురు నీలం. ఎడమ కాలి బొటనవేలి దగ్గర ఒక పసుపుపచ్చ మాసిక, నీలం గుడ్డ చాలక వేసింది. అడుగుల చప్పుడు రాకుండా కుట్టి పెట్టమని తలుపు సందులో చీటీ వస్తే, టైలరమ్మ తన చేత్తో కుట్టి ఆ పై అంతస్తు గడపలో పెట్టి వచ్చిన జోళ్ళు.

ఆమె నోరు తెరిచింది. మూసేసింది.

"తెలిసింది కదూ నీకు?" అత్తగారు చెవిలో అడిగింది.

"లేదత్తయ్యా."

"నీకు అబద్ధం ఆడటం చేతకాదు."

"మరి అడక్కండి."

అత్తగారు కోడలిని ఎగాదిగా చూసింది. తర్వాత సెక్రటరీ గారి చేతిలోంచి గరిట తీసుకుంది, ఆయన ఇంకా దాన్ని ఖాళీ తెర ముందు పట్టుకునే ఉన్నారు.

మిగతా పని చకచకా అయిపోయింది. సెక్రటరీ గారు గ్రూపులోంచి ఆ వీడియో తీసేశారు. అత్తగారు చెబుతుంటే, టైలరమ్మ బయట ఇరుక్కుపోయిందని, తప్పు తాళానిది, తనదీ అని రాశారు. తాళానిది అన్న మాట ఒకసారి చెరిపేసి, అత్తగారి ముఖం చూసి మళ్ళీ రాశారు. బెల్లు తీగ కలిపించి, మీట మీద పేరు రాయించేదాకా వీధి తలుపు తాళం పడకుండా చెక్క ముక్క అడ్డం పెడతానన్నారు. ఇకమీదట ఎవరి బొమ్మ వాళ్ళు అడిగితే చూపిస్తామని, అడక్కుండా ఎవరి బొమ్మా ఎవరికీ పంపమని నలుగురి ముందూ ఒప్పుకున్నారు. ఫోనులో నాలుగు గళ్ళు తీసేయడం ఒక్కటే కష్టమైంది.

"మరి భోంచేసేటప్పుడు?" అన్నారు దిగులుగా.

"సినిమా పెట్టుకోండి," అంది అత్తగారు. "మేం అంత బాగా నటించం."

డాక్టరమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "టైలరమ్మా, మా వాళ్ళిద్దరికీ ఏ రంగు పరుపులు?"

"ఒకరికి ఎరుపు, ఒకరికి ఆకుపచ్చండీ," అంది టైలరమ్మ.

"రేపు పొద్దున్నే తీసుకొస్తాను. మొదటి రోజే కొట్టుకుంటారు, ముందే చెబుతున్నాను." రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగింది. "గ్రూపులో వాళ్ళు రాసినప్పుడు నేను ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది."

టైలరమ్మ తల ఊపింది. అత్తగారు కూర మాడిపోతోందని పరుగెత్తింది. టైలరమ్మ మాత్రం తన అంతస్తు దగ్గర ఆగలేదు. ఎప్పుడూ పిల్లిలా దొంగచాటుగా దిగే మెట్లను ఈరోజు చప్పుడు చేస్తూ ఎక్కింది. ఏం చెప్పాలో కూడా అనుకుంది. తెరలో ఎవరున్నారో నేను చూడలేదండీ, కాకపోతే ఆ మనిషి మీకు ఎక్కడైనా ఎదురైతే చిట్టి వాళ్ళమ్మ దణ్ణం పెట్టిందని చెప్పండి. అంతే. జోళ్ళ సంగతి ఎత్తకూడదు. ఇంకో జత కుట్టి గడపలో పెట్టేస్తే ఆయనకే అర్థమవుతుంది.

గోడ మీద "నిశ్శబ్దం" కాగితాలు ఒక్కొక్కటే దాటుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. బాతు నడక నడిచేది ఈయనా. మూడో అంతస్తు దాటాక నవ్వు కొంచెం తగ్గింది. కాగితాలన్నీ పాతవి. అంచులు ముడుచుకుపోయాయి. వారానికి ఒక కొత్తదైనా పడేది కదా.

చిట్టికి పై పళ్ళు వస్తున్నాయి, మొన్న రాత్రీ నిన్న రాత్రీ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. చీటీ రాలేదు. సెక్రటరీ గారు ఫోను చేస్తే ఎత్తలేదు. తను వచ్చి తట్టిన రోజు తలుపు తీయలేదు. ఎత్తలేదంటే ఎత్తలేదనే, అంది అత్తగారు. ఎందుకు ఎత్తలేదో ఎవరూ అడగలేదు.

పై అంతస్తుకు చేరేసరికి రేడియో వినపడింది. ఎవరో గొంతు చించుకుని సబ్బుల ప్రకటన చదువుతున్నారు. తను తట్టి పారిపోయిన రోజున కూడా ఇదే హోరు, పక్క భవనంలోది అనుకుంది. పక్క భవనంలోది కాదు. నిశ్శబ్దం గారి తలుపు వెనక, గోడలు అదిరేంత గట్టిగా, ఎవరైనా రండని పిలుస్తున్నట్టు మోగుతోంది.

తట్టింది. జవాబు లేదు. అరచేత్తో బాదింది. పిడి పట్టుకుని కిందికీ పైకీ ఊపింది. అది ఎలా ఊపాలో ఆమె చేతికి ఇదివరకే తెలుసు.

చంకలోంచి చిట్టి వంగి గిలక్కాయతో తలుపును కొట్టింది. టక్, టక్.

రేడియో హోరు కింద నుంచి, ఎక్కడో నేలకు దగ్గరగా, చాలా నెమ్మదిగా, లోపలి నుంచి కూడా వచ్చింది. టక్, టక్.

"అత్తయ్యా, పొయ్యి ఆర్పేసి రండి," అని టైలరమ్మ వేసిన కేక ఆ మెట్లలో అంతకుముందు ఎప్పుడూ వినపడనంత గట్టిగా నాలుగు అంతస్తులూ దిగింది.

ఆ తలుపు తెరుచుకునేదాకా ఆమె అక్కడి నుంచి కదలదు, మీరు బెంగపెట్టుకోకండి. ఈలోగా మీకు ఒక చిన్న పని. మీ మెట్ల మీద కూడా ఊరికే కసురుకునే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈమధ్య ఆ కసురు వినపడక హాయిగా ఉందా? అయితే ఈ పత్రిక ఇక్కడే బోర్లా పెట్టి, ఒక్కసారి పైకి వెళ్ళి తలుపు తట్టి, పలికేదాకా ఉండి రండి.